చెరువమ్మ సంసారం

వాల్మీకిపురం దగ్గర ఒక పల్లె. వాల్మీకిపురాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ వాయల్పాడు అనే అంటారు. ఆ పల్లెకు ఒక చెరువు ఉంది.

ఊళ్లో పొదుపు సంఘం ఉంది. సంఘంలో పది మంది ఆడవాళ్లు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. పది మందీ కూర్చుని మాట్లాడుకున్నారు. పంచాయతీని అడిగి అనుమతి తీసుకున్నారు. అప్పు తెచ్చారు. చెరువులో చేప పిల్లలు వదిలారు. ఉగాది దాటాక చేపలు పట్టాలి. అమ్మాలి. అప్పు తీర్చాలి. మిగిలింది పంచుకోవాలి. అదీ వాళ్ల లెక్క.

మార్చి నెల వచ్చింది. ఎండలు ముదిరాయి. చెరువులో నీళ్లు సగానికి దిగాయి. నీళ్లు పచ్చగా, చిక్కగా మారాయి. అంతలో రెండు రోజులు మబ్బు పట్టింది. గాలి లేదు. ఉక్కగా ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున ఒకామె గట్టు మీదికి పోయింది. పెద్దగా కేక పెట్టింది.

"అయ్యో! రాండమ్మా, రాండి! చేపలు తేలిపోయినాయి!"

ఊరంతా గట్టు మీదికి వచ్చింది. పెద్ద పెద్ద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. సంఘం లీడరు తల పట్టుకుని కూర్చుంది.

"ఇది ఎవరో చేసిన పనే. నీళ్లలో మందు కలిపినారు" అంది ఒకామె.

"నిన్న సాయంత్రం నేను చూసినా. టమోటా తోట పిల్లోడు మందు డబ్బా చెరువులోనే కడిగినాడు" అంది ఇంకొకామె.

అంతే. అందరూ ఆ పిల్లోడి ఇంటి మీదికి పోయారు.

"డబ్బా కడిగింది నిజమే అక్కా. చేపల్ని చంపాలని కాదు" అన్నాడు పిల్లోడు. వాళ్లమ్మ ఏడుస్తూ నిలబడింది.

"పోలీసు స్టేషనుకు పోదాం పదండి" అన్నారు కొందరు.

అవ్వ చూసింది

ఆ ఊళ్లో ఒక అవ్వ ఉంది. చిన్నప్పటి నుంచి చెరువులో చేపలు పట్టిన మనిషి. ఇటీవలే అక్షరాలు నేర్చుకుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని గట్టు దిగింది. నీళ్ల అంచున చాలాసేపు నిలబడింది. తర్వాత అందరినీ పిలిచింది.

"తొందరపడొద్దండమ్మా. ముందు చెరువును చూడండి. చచ్చినవి ఏవి? బతికినవి ఏవి?"

అందరూ చూశారు. పెద్ద బొచ్చెలు, రోహులు చచ్చాయి. చిన్న పరిగెలు చాలా వరకు బతికే ఉన్నాయి. నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొరమీను ఒక్కటి కూడా చావలేదు. గట్టు వార కప్పలు ఎగురుతున్నాయి. నీటి మీద పురుగులు పరుగులు పెడుతున్నాయి.

"పురుగుల మందు కలిపితే ముందు పురుగు చస్తుంది కదమ్మే! పురుగు బతికింది. కప్ప బతికింది. చేప చచ్చింది. ఇది మందు కాదు. చెరువుకు ఊపిరాడలేదు" అంది అవ్వ.

ఎవరూ మాట్లాడలేదు. లీడరు మత్స్యశాఖ సారుకు ఫోను చేసింది.

సారు ఏం చెప్పాడు?

పొద్దెక్కక ముందే సారు వచ్చాడు. సీసాలో నీళ్లు పట్టి పరీక్ష చేశాడు.

"అవ్వ చెప్పిందే నిజం. ఈ నీళ్లలో ప్రాణవాయువు చాలా తగ్గిపోయింది" అన్నాడు.

"నీళ్లలో గాలి ఏంది సార్?" అని అడిగింది లీడరు.

సారు ఇలా చెప్పాడు.

నీళ్లలో కూడా గాలి కలిసి ఉంటుంది. కంటికి కనబడదు. చేప నోటితో నీళ్లు తీసుకుంటుంది. మొప్పల గుండా బయటికి వదులుతుంది. నీళ్లలోని ప్రాణవాయువును మొప్పలు పట్టుకుంటాయి. పెద్ద చేపకు ఎక్కువ గాలి కావాలి. అందుకే పెద్దవి ముందు చచ్చాయి. కొరమీను అలా కాదు. అది నీటి పైకి వచ్చి మనలాగే గాలి పీల్చుకుంటుంది. అందుకే బతికింది.

నీళ్లకు ప్రాణవాయువు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, పైన వీచే గాలి నుంచి. రెండు, నీళ్లలోని నాచు నుంచి. పగలు ఎండలో నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి తయారు చేయదు. పైగా అది కూడా ఊపిరి తీసుకుంటుంది. నాచు మితంగా ఉంటే ఏమీ కాదు. నీళ్లన్నీ నాచుతో చిక్కబడితే కష్టం. రాత్రంతా నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి గాలిని వాడేస్తాయి. తెల్లవారేసరికి గాలి మిగలదు. రెండు రోజుల మబ్బు వల్ల పగలు కూడా గాలి సరిగా తయారు కాలేదు. అందుకే ఈ నష్టం.

"మరి నాచు అంత ఎందుకు పెరిగింది సార్?"

"దానికి మేత ఎవరు పెట్టారో మీరే చెప్పండి" అన్నాడు సారు.

మేత పెట్టింది ఎవరు?

అందరూ ఆలోచించారు. పై పొలాల్లో చల్లిన యూరియా, డీఏపీ వాననీళ్లతో చెరువులోకి వచ్చాయి. ఊరి మురుగు కాలువ చెరువులోనే పడుతోంది. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు అందులోనే కలుస్తున్నాయి. ఇవన్నీ నాచుకు ఎరువే.

అప్పుడు సంఘంలో ఒకామె మెల్లగా అంది.

"పేడ వేస్తే చేపలు లావు అవుతాయని ఎవరో చెప్పినారు. మనమే తట్టలు తట్టలు పేడ తెచ్చి పోసినాము కదా."

లీడరు తల దించుకుంది. పేడ మంచిదే. చేపల చెరువులో వేస్తారు. అయితే దానికి కొలత ఉంది. నీళ్లు తగ్గినప్పుడు, నీళ్లు పచ్చగా చిక్కబడినప్పుడు వేయకూడదు.

సారు వాళ్లకు ఒక సులువైన పరీక్ష నేర్పాడు. చెయ్యి చాచి నీళ్లలోకి దించాలి. అరచేతిని చూస్తూ మోచేతి దాకా ముంచాలి. మోచెయ్యి మునగక ముందే అరచెయ్యి కనబడకుండా పోయిందా? నీళ్లలో నాచు మరీ ఎక్కువైందని అర్థం. పేడ, ఎరువు ఆపేయాలి.

ఆ పిల్లోడి తప్పు కూడా సారు చెప్పాడు. "నీ మందు వల్ల ఈ చేపలు చావలేదు. అంతమాత్రాన డబ్బా చెరువులో కడగొచ్చా? కొద్ది మందుకే నీటి పురుగులు చస్తాయి. పశువులు ఈ నీళ్లే తాగుతాయి. డబ్బా పొలంలోనే కడుగు నాయనా. ఆ నీళ్లు చెరువులోకి, బావిలోకి పోకూడదు."

నాలుగు గదుల ఇల్లు

చెరువంటే నీళ్లు మాత్రమే కాదు. అది ఒక ఇల్లు. ఒక జీవి ఉండే చోటును ఆవాసం అంటారు. చెరువులో ఎన్నో ఆవాసాలు ఉన్నాయి. ఇంట్లో గదులు ఉన్నట్టే అనుకోవాలి.

మొదటిది వాకిలి. అంటే చెరువు అంచు. ఎప్పుడూ తడిగా ఉండే నేల. ఇక్కడ తుంగ, జమ్ము పెరుగుతాయి. పొన్నగంటి కూర దొరికేది ఇక్కడే. కప్పలు, పీతలు ఇక్కడ ఉంటాయి. గుడ్డికొంగ కదలకుండా నిలబడి వేట కోసం చూస్తుంది.

రెండోది వసారా. అంటే లోతు తక్కువ నీళ్లు. తామర, కలువ పూసేది ఇక్కడే. చేప పిల్లలు ఆకుల చాటున దాక్కుంటాయి. తూనీగ గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి. దోమ పిల్లలను తింటాయి.

మూడోది నడిల్లు. అంటే నడి చెరువు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది. రోహు మధ్య నీళ్లలో మేస్తుంది. మృగాల అడుగున మేస్తుంది. మూడూ ఒకే చెరువులో ఉంటాయి. ఒకదాని మేతకు ఇంకొకటి పెద్దగా పోటీ రాదు. అందుకే ఈ మూడింటినీ కలిపి పెంచుతారు.

నాలుగోది వంటిల్లు. అంటే అడుగు బురద. రాలిన ఆకు, చచ్చిన పురుగు అన్నీ ఇక్కడికే చేరతాయి. కంటికి కనబడని సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. మళ్లీ ఎరువుగా మారుస్తాయి. ఆ ఎరువుతో నాచు పెరుగుతుంది. నాచును చిన్న పురుగులు తింటాయి. పురుగులను పరిగెలు తింటాయి. పరిగెలను కొరమీను తింటుంది. కొరమీనును కొంగ తింటుంది, మనిషీ తింటాడు. దీనికి ఆహారపు గొలుసు అని పేరు.

నీళ్లు, ఎండ, గాలి, మట్టి, మొక్కలు, జీవాలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. చదువుకున్నవాళ్లు దీన్ని ఆవరణ వ్యవస్థ అంటారు. అవ్వ మాత్రం "చెరువమ్మ సంసారం" అంటుంది. సంసారంలో ఒకరికి జబ్బు చేస్తే అందరికీ కష్టం. చెరువులోనూ అంతే. చేపలు, తూనీగలు పోతే దోమలు పెరుగుతాయి. దోమలు పెరిగితే ఊరికి జ్వరాలు వస్తాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏడాదంతా పారే పెద్ద నది లేదు. అందుకే మన పెద్దలు ఊరూరా చెరువులు తవ్వించారు. ఒక చెరువు నిండి మొరవ పారితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. చెరువులో నీళ్లుంటే చుట్టూ బావుల్లో, బోర్లలో నీళ్లుంటాయి. చెరువు ఎండితే ఆడవాళ్ల బిందెలు దూరం నడవాలి.

మొరవ దాటిన నీళ్లు

అవ్వ మనవరాలు పదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల అడిగింది.

"అవ్వా, మొరవ దాటిన నీళ్లు యాడికి పోతాయి?"

"వంకలో కలుస్తాయి పాపా. వంక ఏట్లో కలుస్తుంది. ఆ తర్వాత సారునే అడుగు."

సారు నేల మీద పుల్లతో గీత గీసి చూపించాడు. ఈ వైపు బాహుదా, పింఛా అని రెండు ఏర్లు ఉన్నాయి. రెండూ కలిస్తే చెయ్యేరు. చెయ్యేరు కడప వైపు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు మీదుగా పోయి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కుప్పం వైపు నీళ్లు పాలారులో కలుస్తాయి. పాలారు తమిళనాడు మీదుగా అదే సముద్రానికి చేరుతుంది.

ఎగువ వాళ్ల నీళ్లే దిగువ వాళ్ల నీళ్లు. 2021 నవంబరు 19న ఇది అందరికీ తెలిసొచ్చింది. పెద్ద వానలకు పింఛా కట్ట తెగింది. ఆ వరదకు చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. చాలామంది ప్రాణాలు పోయాయి. వరద నీళ్లు పోయిన దారినే మురుగు పోతుంది. మందు పోతుంది. ప్లాస్టిక్కు కవరు కూడా పోతుంది. చివరికి అన్నీ సముద్రానికే చేరతాయి.

ఉప్పు నీళ్ల సంసారం

భూమ్మీద ఉన్న నీళ్లన్నీ వంద బిందెలు అనుకుందాం. అందులో 97 బిందెలు ఉప్పు నీళ్లే. మిగిలింది 3 బిందెలకు లోపే. అందులోనూ ఎక్కువ భాగం మంచుగడ్డలుగా ఉంది. మిగతాది చాలా వరకు భూమి లోపల ఉంది. లోకంలోని మంచినీళ్ల చెరువులు, సరస్సులు, నదులు అన్నీ కలిపితే ఎంత? వంద బిందెల్లో ఒక టీ గ్లాసెడు! ఆ టీ గ్లాసులోనే మన చెరువు కూడా ఉంది.

ఒక లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చెరువు చేపను సముద్రంలో వేస్తే బతకదు. ఎందుకు? మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది కదా! అలాగే ఉప్పు నీళ్లు చేప ఒంట్లోని నీటిని లాగేస్తాయి. సముద్రపు చేప ఒళ్లు వేరు. అది ఉప్పు నీళ్లు తాగుతుంది. ఎక్కువైన ఉప్పును బయటికి పంపేస్తుంది. ఎవరి ఇల్లు వాళ్లకు సరిపోతుంది.

మంచినీళ్లు, ఉప్పు నీళ్లు కలిసే చోట్లు కూడా ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు అలాంటిదే. అక్కడ ఏటి నీళ్లు, సముద్రపు నీళ్లు కలుస్తాయి. అక్కడికి దగ్గరలోనే నేలపట్టు అనే ఊరు ఉంది. అక్కడి చెరువులో నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్లల మేత కోసం పులికాట్‌కు పోయి చేపలు పట్టి తెస్తాయి. అంటే ఆ పక్షికి మంచినీళ్ల చెరువూ కావాలి, ఉప్పు సరస్సూ కావాలి. ఒకటి పాడైతే రెండో చోటు ఉన్నా బతుకు గడవదు.

టైగర్ రొయ్య కథ కూడా ఇలాంటిదే. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఏరు కలిసే చోటికి, మడ చెట్ల వేళ్ల మధ్యకు వచ్చి పెరుగుతాయి. పెద్దయ్యాక మళ్లీ సముద్రానికి పోతాయి. ఏటి నుంచి మురుగు వస్తే ఆ పిల్లలకు చేటు. అంటే ఎగువ చేసిన తప్పు సముద్రం ఒడ్డున బతికే బెస్త ఆడవాళ్ల గంపకు తగులుతుంది.

చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడాలి. అందుకే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో సముద్రంలో వేట నిషేధం.

"మా అత్త కూడా అట్లనే చెప్పేది. కొత్తనీళ్లకు ఎదురెక్కే చేప కడుపుతో ఉంటుంది, దాన్ని పట్టొద్దు అనేది" అంది అవ్వ.

ఊరు ఏం చేసింది?

ఆ రోజే పని మొదలైంది. చచ్చిన చేపలను ఎవరూ తినలేదు. ఊరికి దూరంగా గుంత తీసి పూడ్చారు. టమోటా తోట పిల్లోడు తన మోటారు తెచ్చాడు. చెరువు నీళ్లు తోడి, పైకి చిమ్మి, మళ్లీ చెరువులోకే పడేలా పెట్టాడు. అలా చిమ్మితే నీళ్లలో గాలి కలుస్తుంది. రెండు రాత్రులు అతను నిద్రపోలేదు. మోటారు దగ్గరే కూర్చున్నాడు.

బతికిన చేపల్లో పెద్దవాటిని సారు ముందే పట్టించాడు. నీళ్లు తక్కువ, చేపలు ఎక్కువ అయితే మళ్లీ ప్రమాదం కదా! ఆ చేపలు సంతలో అమ్మారు. అప్పులో సగం తీరింది. మిగతా సగం అలాగే ఉంది.

సంఘం లీడరు పిల్లోడి ఇంటికి పోయింది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"మా నోరు తొందరపడింది వదినా. మనసులో పెట్టుకోవద్దు" అంది.

"చెరువు నీది, నాది కాదు కదా వదినా. మా వాడు కూడా డబ్బా కడిగినాడు. తప్పు అందరిదీ" అంది ఆమె.

తర్వాత గ్రామసభలో ఆడవాళ్లే లేచి మాట్లాడారు. నాలుగు తీర్మానాలు రాయించారు. అవ్వ తన పేరు తానే రాసి సంతకం పెట్టింది.

ఒకటి. మురుగు కాలువను చెరువులోకి వదలకూడదు. ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలు తవ్వాలి.

రెండు. బట్టల బండలు చెరువులో ఉండకూడదు. గట్టు ఇవతల, బోరు దగ్గర వేయాలి. మందు డబ్బాలు చెరువులో కడగకూడదు.

మూడు. ఎండాకాలంలో పూడిక తీయాలి. ఆ మట్టి పొలాలకు తోలుకోవాలి. పూడిక పోతే చెరువు లోతు పెరుగుతుంది. పొలానికి ఎరువు దొరుకుతుంది. అయితే అంచున ఉన్న తుంగను, జమ్మును మొత్తం పీకేయకూడదు. చేప పిల్లలకు అదే నీడ.

నాలుగు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలను చెరువులో వదలకూడదు. దాని పెంపకం మన దేశంలో నిషేధం. అది మన చేపలను మింగేస్తుంది.

మళ్లీ వానలు వచ్చాయి. చెరువు నిండింది. సంఘం మళ్లీ చేప పిల్లలు వదిలింది. ఈసారి తక్కువే వదిలారు. పేడ కొలిచి వేస్తున్నారు. రోజుకు ఒకరు తెల్లవారకముందే గట్టు మీదికి పోతారు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా అని చూస్తారు. మోచేతి దాకా చెయ్యి ముంచి పరీక్ష చేస్తారు. చూసింది నోటు పుస్తకంలో రాస్తారు. తేదీ వేస్తారు. నేర్చుకున్న అక్షరం ఇప్పుడు చెరువుకు కాపలా కాస్తోంది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. చేపలు మందు వల్ల చావలేదని అవ్వ ఎలా కనిపెట్టింది?
2. చేపలు ఎక్కువగా తెల్లవారుజామున ఎందుకు చస్తాయి?
3. ఈ కథలో తప్పు ఎవరెవరిది?
4. మీ ఊరి చెరువులోకి మురుగు ఎక్కడి నుంచి వస్తోంది? పోయి చూడండి.
5. మీ చెరువు మొరవ దాటిన నీళ్లు ఏ ఏట్లో కలుస్తాయి? ఏ సముద్రానికి చేరతాయి?

చేసి చూడండి

మీ చెరువు దగ్గరికి నలుగురు కలిసి పోండి. అంచున, నీటి పైన, నీటి లోపల కనబడిన మొక్కల పేర్లు, జీవాల పేర్లు రాయండి. ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్ల చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు లేనివి ఏవి? ఆ పేర్లు కూడా పక్కన రాయండి.

కొత్త మాటలు

ఆవాసం – ఒక జీవి ఉండే చోటు
ఆవరణ వ్యవస్థ – ఒక చోట జీవాలు, నీళ్లు, మట్టి, గాలి, ఎండ కలిసి సాగించే సంసారం
ప్రాణవాయువు – బతకడానికి పీల్చుకునే గాలి
మొప్పలు – చేప ఊపిరి తీసుకునే భాగాలు
సూక్ష్మజీవులు – కంటికి కనబడనంత చిన్న జీవాలు
ఆహారపు గొలుసు – ఒకదాన్ని ఒకటి తిని బతికే వరస